ఎడమ తెర వెనక నా గొంతు

దయ్యం వేషానికి మసి ఎట్లా కలపాలో నాకు తెలుసు. దీపం మీద పట్టిన మసిని ఆముదంలో రంగరించి కళ్ల కింద పూస్తే, పది అడుగుల దూరం నుంచి చూసేవాడికి కళ్లు గుంటల్లా కనపడతాయి. నలభై ఏళ్లకు పైగా నాటకాల వెనక బతికినవాణ్ని. నా చేతులతో ఎన్ని దయ్యాలను తయారు చేసి స్టేజి మీదికి తోలానో నాకే గుర్తు లేదు. అట్లాంటివాణ్ని పట్టుకుని దయ్యాలను నమ్మమంటే ఎట్లా నమ్ముతాను?

నమ్మకపోవడమే కాదు, నమ్మినవాళ్లతో కొట్లాడాను కూడా. మా వాడకట్టులో ఒక ముసలావిడ చేతబడి చేస్తుందని నిందవేసి, మంత్రం పలకకుండా ఆమె పళ్లు ఊడగొట్టడానికి నలుగురు వస్తే అడ్డం నిలబడ్డాను. ఆ రోజు పడిన దెబ్బకు నా ఎడమ మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేను. కింద రాసింది చదివి "ముసలోడికి చాదస్తం ముదిరింది" అనేవాళ్లు ముందు ఆ మోచెయ్యి చూసి, తర్వాత మాట్లాడాలి.

నా పేరు నర్సయ్య. మాది కొడకండ్ల. మగ్గం నేసి బతికాను. బడి మెట్లు ఎక్కలేదు. నాటకాల రాతప్రతులు ముందు పెట్టుకుని బొమ్మలు దించినట్టు అక్షరాలు దించాను. అ, ఆలు వరసగా రాకముందే రాజుగారి మాటలు రాయడం వచ్చింది నాకు. నా దస్తూరి చూసి చదువుకున్నవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు. ఆ దస్తూరితోనే నేను ప్రాంప్టరునయ్యాను. స్టేజికి ఎడమ పక్కన తెర చాటున నిలబడి, నటుడికి మాట తప్పితే మెల్లగా అందించే పని. చప్పట్లు ఆ తెర దాకా రావు. రావాలని నేనూ అనుకోలేదు.

నేను మాటలు అందించింది ఎక్కువగా ఒక్క మనిషికే. దేవరుప్పుల మల్లయ్య. జనగామ మార్కెట్లో బస్తాలు మోసేవాడు. నాకంటే రెండేళ్లు చిన్న. మా ఇద్దరికీ నాటకం నేర్పిన పంతులు ఒక ఆట రాసి పెట్టి పోయాడు. అందులో ఒక్క నటుడే అయిదు వేషాలు కట్టాలి. మొదట దొర, తర్వాత దొర ఇంట్లో వెట్టిచేసేవాడు, వాడి ముసలి తల్లి, వాణ్ని పట్టుకుపోయే జవాను, చివరికి అందర్నీ కాల్చే కాటికాపరి. ఒక్కో వేషానికి మధ్య యాకూబ్ భాయ్ హార్మోనియం మీద ఒక వరస వాయిస్తాడు. ఆ వరస అయ్యేలోపు తలపాగా తీసి కొంగు కప్పుకోవాలి, కొంగు తీసి టోపీ పెట్టుకోవాలి.

మల్లయ్య అది చేస్తుంటే చూడాల్సిందే. కొడకండ్లలో అతను దొర వేషంలో నడిచి వస్తే, ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ చెప్పు విసిరింది. ఆమె విసిరింది మల్లయ్య మీద కాదు, ఎప్పుడో చచ్చిపోయిన ఎవరి మీదనో. చిల్పూర్‌లో తల్లి వేషం చూసి ఆడవాళ్లు ఆట అయ్యాక వచ్చి బొట్టుపెట్టి జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టారు. మీసాలు గీసుకున్న మొఖం ఎదురుగా కనపడుతున్నా వాళ్లకు తల్లే కనపడింది. జవాను వేషంలో ఉండగా ఒకసారి నిజం పోలీసు బీడీ కింద పడేసి నిటారుగా నిలబడ్డాడు.

ఇక మా పంతులు పెట్టిన కట్టుబాటు ఒకటి చెప్పాలి. దాని మీదనే ఈ కథంతా ఉంది.

ఆట అయిపోగానే నటుడు మొఖం కడుక్కోకూడదు. అద్దం ముందు కూర్చోవాలి. ఎవరూ అతన్ని పేరుపెట్టి పిలవకూడదు. ప్రాంప్టరు వచ్చి, చిన్నప్పుడు వాళ్లమ్మ పిలిచిన ముద్దుపేరుతో చెవి దగ్గర పిలవాలి. నటుడు "ఆఁ, వచ్చిన" అనాలి. అప్పుడు కొబ్బరినూనె తెచ్చి రంగు తుడవాలి. దీన్ని మేము వేషం దించడం అనేవాళ్లం. ఆ ముద్దుపేరు నటుడికి, ప్రాంప్టరుకు తప్ప మూడో మనిషికి తెలియకూడదు. మల్లయ్య తల్లి అతని పదో ఏట పోయింది. ఆ పేరుతో అతన్ని పిలిచేవాణ్ని భూమ్మీద నేనొక్కణ్నే. ఇక్కడ కూడా ఆ పేరు రాయను.

నాకు ఇందులో మాయ ఏమీ కనపడలేదు. మనిషి గంటసేపు ఇంకొకడిగా ఉన్నాడు, మళ్లీ తనలోకి రావడానికి ఒక తలుపు చప్పుడు కావాలి, అంతే అనుకున్నాను.

ఒకే ఒక్కసారి ఆ కట్టుబాటు తప్పాను. అప్పటికి మేమిద్దరం ముప్పైల్లో ఉన్నాం. ఒక పోటీలో, న్యాయనిర్ణేతగా కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి మల్లయ్యను పిలిచి "నటన బాగుందయ్యా, కానీ మీ యాస హాస్యానికి పనికొస్తుంది గానీ కన్నీళ్లకు పనికిరాదు" అన్నాడు. మా తల్లులు ఏ యాసలో ఏడ్చారనుకున్నాడో ఆ మహానుభావుడు. నాకు ఒళ్లు మండింది. దానికంటే ఎక్కువ మంట మల్లయ్య తల వంచుకుని "గట్లనే సార్, మార్పిస్త" అన్నందుకు. "నీ నాలుక నువ్వు అమ్ముకో, నేను మాత్రం మార్చి రాయను పో" అని అతన్ని కాటికాపరి రంగులోనే వదిలేసి ఇంటికి వచ్చాను.

మూడో రోజు అతని భార్య లచ్చమ్మ కొడకండ్లకు వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. "నర్సన్నా, ఆయన తిండి తింటలేడు, రంగు కడుగనిస్తలేడు. నన్ను చూసి ‘ఏ ఊరి పీనుగ తల్లీ, కట్టెలు తెచ్చుకున్నరా’ అని అడుగుతున్నడు. నీ కాళ్లు మొక్కుత, రా" అంది. పోయాను. చెవి దగ్గర పిలిచాను. "ఆఁ, వచ్చిన" అని, చుట్టూ చూసి, "లచ్చీ, ఆకలైతుంది" అన్నాడు. జ్వరం తలకెక్కి అట్లా మాట్లాడి ఉంటాడని నాకు నేను చెప్పుకున్నాను. నిజంగానే ఒళ్లు వేడిగా ఉంది కూడా. మళ్లీ ఎప్పుడూ అతన్ని పిలవకుండా ఆట నుంచి కదలలేదు.

ఇప్పటి సంగతికి వస్తాను.

లచ్చమ్మ పోయింది. మూడేళ్లుగా మల్లయ్యకు మతిమరుపు రోగం. ముందు తాళంచెవులు మరిచిపోయాడు, తర్వాత ఇంటి దారి, తర్వాత కూతురు సరోజ పేరు. జనగామ దవాఖానలో డాక్టరు ఇది పెరిగేదే గానీ తగ్గేది కాదన్నాడు. కానీ ఒక విచిత్రం ఉంది. రంగు వేసి నిలబెట్టి, నేను పక్క నుంచి మొదటి ముక్క అందిస్తే మిగతాది అతనే చెప్పేవాడు. ఆట అయ్యాక నేను పిలిస్తే దిగేవాడు. దిగాక ఒక గంట, ఎప్పుడైనా రెండు గంటలు, పాత మల్లయ్య దొరికేవాడు. సరోజను పేరుతో పిలిచేవాడు. తిన్నావా అని అడిగేవాడు.

అందుకే సరోజ ఆటలు మాన్పించలేదు. "పెద్దబాపూ, మంది నన్ను తిడుతున్నరు, ముసలాయనను తిప్పి తిప్పి సంపుతున్నవని. ఆ గంట కోసం నేనెంత దూరమైనా తోలుకపోత" అంది నాతో. మందికేం, అనడానికి నోరుంటే చాలు.

పోయిన వానాకాలం భూపాలపల్లి నుంచి పిలుపు వచ్చింది. పగటిపూట, ఒక ఫంక్షన్ హాల్లో, మూడు గంటలకు మా ఆట. అంతకు నెల ముందు రిహార్సల్లో మల్లయ్య కాటికాపరి మాటల దగ్గర నాలుగుసార్లు ఆగిపోయాడు. ఎవరెవరిని కాల్చాడో చెప్పే పొడుగు మాట అది. దమ్ము కూడా చాలడం లేదు. ఇదే ఆఖరి ఆట అనుకున్నాం. ఆ రిహార్సల్ రోజే రంగు కడుక్కుంటూ, మంచి తెలివిలో ఉండగా, మల్లయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, నువ్వు పక్కన లేకుంటే నేను స్టేజి ఎక్కుడు ఎక్కుతనేమో గని దిగరాదు. నన్ను ఆడ ఇడిసిపెట్టి పోకు."

"పోను" అన్నాను. "ఒక్కసారి పోయి బుద్ధి తెచ్చుకున్న."

ఆ తర్వాత నేను మహబూబాబాద్‌లో మా చిన్నబిడ్డ దగ్గర ఉండి కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకున్నాను. రాతప్రతి చదవాలంటే ఆ కన్ను కావాలి మరి. కాబట్టి భూపాలపల్లికి వాళ్లు దేవరుప్పుల నుంచి వ్యానులో, నేను మహబూబాబాద్ నుంచి బస్సులో పోవాలని మాట. రాతప్రతి నా సంచిలోనే ఉంది. ఉన్నది ఒక్కటే ప్రతి. యాకూబ్ భాయ్‌కి వరసలు వచ్చు గానీ మాటలు రావు.

పొద్దున బయలుదేరేటప్పుడు ఫోను చార్జింగుకు పెట్టి మరిచిపోయాను. మల్లయ్య మతిమరుపు గురించి ఇంత రాస్తున్నవాణ్ని, నా మతి అట్లా ఉంది. నర్సంపేటలో బస్సు మారాను. అది దాటి కొంత దూరం పోయాక పన్నెండున్నరకు బస్సు ఆగింది. ముందు వాగు రోడ్డు మీదికి వచ్చేసింది. మోకాళ్ల లోతు ఎర్రనీళ్లు, వంతెన గోడ కనపడడం లేదు. నీళ్లు తగ్గితే గానీ బండి కదలదన్నాడు డ్రైవరు. ఎన్ని ప్రభుత్వాలు పోయాయి, ఎన్ని వచ్చాయి, ఆ వంతెన ఎత్తు మాత్రం పెరగలేదు.

నడిచి దాటుతానని దిగాను. కండక్టరమ్మ పరిగెత్తుకొచ్చి రెక్క పట్టుకుంది. "తాతా, కండ్లకు నల్లద్దాలు పెట్టుకొని వాగు దాటుతవా? నీ పానం నీకు బరువైందేమో, నా నౌకరి నాకు బరువు కాలే. ఎక్కు పైకి."

ఆమె ఫోను అడిగి యాకూబ్ భాయ్‌కి చేశాను. నంబర్లు నాకు నోటికి వస్తాయి. స్విచ్చాఫ్. సరోజకు చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. అట్లా ఎన్నిసార్లు చేశానో. చేస్తూ చేస్తూ ఉంటే గుర్తొచ్చింది. రంగు వేసుకునే గదిలో ఫోన్లు మోగకూడదని, మల్లయ్య బెదిరిపోతాడని కట్టుబాటు పెట్టింది నేనే. మాట వినని మనుషులు ఈ ఒక్క మాట మాత్రం విన్నారు.

రెండయింది. రెండున్నరయింది. నీళ్లు ఒక వేలు కూడా తగ్గలేదు. సీట్లో కూర్చోలేకపోయాను, నిలబడలేకపోయాను. ఎడమ తెర పక్కన ఎవరూ లేకుండా మల్లయ్య దొర తలపాగాతో వెలుగులో నిలబడి నోరు తెరిచి, మాట రాక, అట్లాగే ఉండిపోవడం నా కళ్ల ముందు ఆడుతూనే ఉంది. జనం నవ్వుతారు. ఈలలు వేస్తారు. నవ్వినా బతకొచ్చు. ఆ తర్వాత అతన్ని దించేది ఎవరు?

నేను లేనిదే మొదలుపెట్టరు, ఆపి ఉంటారు అని చివరికి నన్ను నేను సముదాయించుకున్నాను. ఆలస్యంగా పోతే మాకు సమయం తక్కువ ఇస్తారు. అందుకని రాతప్రతి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. కండక్టరమ్మ పెన్ను అడిగాను. కాటికాపరి పొడుగు మాటలో మధ్య పద్దెనిమిది వరసలు అడ్డంగా కొట్టేశాను. పంతులు పోయాక ఆయన రాతలో ఒక్క అక్షరం మార్చడం అదే మొదలు. కొట్టేసిన చోట అతుకు కోసం నా సొంతంగా ఒక మాట రాశాను. "అందర్ని సాగదోలిన. ఇగ నన్నెవరు పిలుస్తరో సూడాలె."

ఎందుకు ఆ మాటే వచ్చిందో నాకు తెలియదు. చేతికి వచ్చింది, రాశాను.

"ఏం రాస్తున్నవ్ తాతా, వీలునామానా?" అంది కండక్టరమ్మ.

"టైమెంత బిడ్డా?" అన్నాను.

టికెట్ల మిషను చూసి మూడుంబావు అంది. ఇది గుర్తుపెట్టుకోండి.

నాలుగున్నరకు నీళ్లు తగ్గాయి. భూపాలపల్లిలో ఆ ఫంక్షన్ హాలు ముందు దిగేటప్పటికి ఆరు కావడానికి కొంచెం తక్కువ. ఇంకా వెలుతురు ఉంది. జనం వెళ్లిపోయారు. యాకూబ్ భాయ్ హార్మోనియానికి గుడ్డ కడుతున్నాడు. నన్ను చూసి రెండు చేతులూ చాపి వచ్చి కావలించుకున్నాడు.

"నర్సన్నా, కమాల్ చేసినవ్! ఆఖరి ఆట గిట్ల ఉండాలె. మల్లన్న ఒక్క మాట తడబడలే. నేను పరేషాన్ అయితున్న, నువ్వు రాలే రాలే అని. గంతల మల్లన్ననే చెప్పిండు, అన్న వచ్చిండు, మొదలువెట్టుండ్రి అని. నువ్వేమో చెప్పకుంట సీదా తెర ఎనుకకే పోతివి."

నేను ఇప్పుడే బస్సు దిగానన్నాను. నవ్వాడు. తడిసిన నా పంచె చూశాడు. చేతిలో సంచి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"మరి నీ గొంతు ఇన్న కద?"

ఆట నడుస్తుంటే ప్రాంప్టరు ఉండే చోట ఇంకెవరూ అడుగు పెట్టకూడదు. అది కూడా పంతులు పెట్టిన కట్టుబాటే. యాకూబ్ భాయ్ కుడి పక్కన కూర్చుంటాడు, సరోజ లోపల గదిలో వేషాలు అందిస్తుంది. ఎడమ తెర వెనకకు ఎవరూ తొంగి చూడలేదు. యాకూబ్ భాయ్ ఖురాన్ మీద ప్రమాణం చేస్తానన్నాడు. తెర వెనక గుసగుసగా మాట అందడం విన్నాడట. మాట చివర నేను కొంచెం దగ్గుతానట, ఆ దగ్గు కూడా విన్నాడట.

ఎవరు విన్నారు, ఏం విన్నారు అనేది నాకప్పుడు పట్టలేదు. లోపలికి పరిగెత్తాను.

మల్లయ్య అద్దం ముందు కుర్చీలో ఉన్నాడు. మొఖం కడిగి ఉంది. నూనెకు మెరుస్తోంది. పక్కన సరోజ కింద కూర్చుని అతని మోకాలు పట్టుకుని ఉంది. నన్ను చూడగానే లేచింది.

"పిలిసినట్టే పిలిసి యాడికి పోయినవ్ పెద్దబాపూ? రెండు గంటల సంది కూసున్న. నేను తలుపు అవతల నిలబడ్డ, బాపు ‘ఆఁ, వచ్చిన’ అన్నది ఇన్న. నేను నూనె పట్టుకొచ్చి తుడిసిన. మొఖం కడిగిన. ఎప్పటి లెక్కనే అన్ని చేసిన. నేనెవర్ని బాపు అంటే నవ్వుతున్నడు గని పేరు చెప్తలేడు. ఇయ్యాల్టి గంట కోసమే గద నేనింత దూరం తెచ్చుకున్న. నువ్వు సరిగ పిలువలే. ఏదో తొందర్ల పిలిసి పోయినవ్. జర మళ్ల పిలువు. నీ కాళ్లు మొక్కుత."

ఆనాడు లచ్చమ్మ అన్న మాటే అది. అదే గొంతు.

నేను రాలేదని ఆమెకు అప్పుడే చెప్పలేదు. టికెట్టు తర్వాత చూపించాను. నర్సంపేటలో ఎక్కిన సమయం దాని మీద అచ్చయి ఉంది. కండక్టరమ్మ నంబరు నుంచి వాగు దగ్గర నేను చేసిన కాల్స్ ఆమె ఫోనులోనే ఉన్నాయి. అవి చూసి ఆమె కింద కూర్చుంది. కానీ ముందు నేను చేసింది మల్లయ్య చెవి దగ్గరికి వంగడం. నలభై ఏళ్లు పిలిచినట్టే, వాళ్లమ్మ పెట్టిన పేరుతో పిలిచాను.

మల్లయ్య నా వైపు తిరిగాడు. దారిన పోయేవాణ్ని చూసినట్టు మర్యాదగా చూశాడు.

"వచ్చిన అని చెప్పిన కదయ్యా. ఎన్నిసార్లు రావాలె?"

మళ్లీ పిలిచాను. కుడి చెవిలో పిలిచాను, ఎడమ చెవిలో పిలిచాను. గట్టిగా పిలిచాను. చివరికి సిగ్గు విడిచి, సరోజ ముందర, యాకూబ్ భాయ్ ముందర, గోడలు వినేటట్టు ఆ పేరు పెట్టి అరిచాను. రహస్యం అంతటితో పోయింది. మల్లయ్య మాత్రం రాలేదు. "ఈ పెద్దమనిషికి నీళ్లియ్యుండ్రి" అన్నాడు.

ఇక సాక్ష్యం సంగతి. నా మాట ఒక్కటే అయితే నేనే కొట్టిపారేసేవాణ్ని.

సరోజ తన ఫోనును ముందు వరసలో ఉన్న ఒకావిడకు ఇచ్చి ఆట మొత్తం తీయించింది. ఆ వీడియో నేను పదిసార్లు కాదు, వంద సార్లు చూశాను. మల్లయ్య అయిదు వేషాలూ కట్టాడు. ఆ దొర నడకకు ముప్పై ఏళ్ల కిందటి బిర్రు ఉంది. తల్లి ఏడుపుకు ఫోను పట్టుకున్నావిడ కళ్లు తుడుచుకున్నట్టుంది, బొమ్మ కదిలింది. అట్లాంటి ఆట అతను వయసులో కూడా ఆడలేదు.

మాట మరిచినప్పుడల్లా అతను తల కొంచెం ఎడమకు వంచుతాడు. ఆగుతాడు. తర్వాత చెప్తాడు. వీడియోలో ఆ ఆగినప్పుడు ఏ గొంతూ వినపడదు. ఫ్యాన్ల చప్పుడే ఉంటుంది. కానీ నేను రాతప్రతి పట్టుకుని, అతను ఆగిన చోటల్లా నా అలవాటు ప్రకారం మాట అందించి చూశాను. నా మాట అయిపోగానే అతని మాట మొదలవుతుంది. ఒక్కచోట కూడా ముందూ లేదు, వెనకా లేదు.

ఇదంతా అలవాటు అనండి. ఒప్పుకుంటాను. కానీ కాటికాపరి దగ్గర, పంతులు రాసిన మొదటి నాలుగు వరసలు చెప్పి మల్లయ్య ఆగాడు. ఎడమకు వంగాడు. మామూలుకంటే ఎక్కువ సేపు విన్నాడు. తర్వాత పద్దెనిమిది వరసలు దాటేసి, జనం వైపు చూసి అన్నాడు: "అందర్ని సాగదోలిన. ఇగ నన్నెవరు పిలుస్తరో సూడాలె."

వీడియో సమయం లెక్కన చూస్తే, ఆ మాట అప్పటికి అరగంట ముందు వాగు ఒడ్డున బస్సులో పుట్టింది. నా ఒళ్లో తప్ప ఎక్కడా లేదు. నేను పైకి కూడా అనలేదు. ఆ తర్వాత నర్సంపేట బస్టాండులో రెండు రోజులు కాపు కాసి ఆ కండక్టరమ్మను కలిశాను. పెన్ను ఇచ్చిన సంగతి, మూడుంబావు అని చెప్పిన సంగతి ఆమెకు గుర్తున్నాయి. "వీలునామా తాత" అని నవ్వింది కూడా.

డాక్టరుకు వీడియో చూపించాను. రోగం అట్లాగే ముదురుతుందన్నాడు, మనుషులను మరిచిపోవడం అందులో భాగమేనన్నాడు. అది నాకూ తెలుసు. మరి ఆ మాట అతనికి ఎవరు చెప్పారు సారూ అంటే, తర్వాతి పేషెంటును పిలిచాడు. మా అల్లుడి దోస్తు ఒకడు ఈ వీడియోను టీవీలో వచ్చే దయ్యాల కార్యక్రమానికి పంపుదామన్నాడు. చెప్పు తీసుకుని వెంటపడ్డాను. మల్లయ్య నటన చూడడానికి నలభై ఏళ్లు రానివాళ్లు, ఇప్పుడు తెర వెనక ఏముందో చూడడానికి వస్తారట.

దయ్యం అంటే చచ్చినవాడిది కదా. నేను బతికే ఉన్నాను. నా గొంతు అక్కడికి ఎట్లా పోయింది? నా ఆరాటమే పోయి మాట అందించిందని యాకూబ్ భాయ్ అంటాడు. అట్లా అయితే నా ఆరాటమే అతన్ని పిలిచిందా? పిలిచి ఎక్కడికి తీసుకుపోయింది? ఆ అతుకు మాట రాసింది నేను. నన్నెవరు పిలుస్తారో చూడాలని అతని నోట పెట్టింది నేను. వేరే మాట రాసి ఉంటే ఏమయ్యేదో అనే ఆలోచనతో తెల్లారేది, పొద్దుగూకేది నాకు ఒకటే అయింది.

ఇప్పుడు నేను దేవరుప్పులలోనే ఉంటున్నాను, సరోజ ఇంటికి రెండిళ్ల అవతల. రోజూ పొద్దున పోయి మల్లయ్య ఎడమ పక్కన కూర్చుంటాను. అయిదు వేషాల మాటలూ వరసగా అందిస్తాను. ఏదో ఒక మాట పట్టుకుని పైకి వస్తాడేమోనని ఆశ. సరోజ గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంది.

మొన్న ఒక రోజు, కొట్టేసిన ఆ పద్దెనిమిది వరసలు చదవడం మొదలుపెట్టాను. నేను తీసేసినవి నేనే తిరిగి ఇద్దామని. నాలుగు వరసలు అయ్యాయో లేదో మల్లయ్య చెయ్యెత్తి నన్ను ఆపాడు. తల ఎడమకు వంచాడు. నా వైపుకే, కానీ నన్ను దాటి.

"చిన్నగ" అన్నాడు. "అన్న చెప్తున్నడు. నీ లొల్లికి వినవడ్తలేదు."

నేను నోరు మూసుకున్నాను. అతను విన్నాడు. తల ఊపాడు. పెదాలు కదిలాయి. నేను కూడా చెవి ఒగ్గి విన్నాను, నా గొంతు నాకైనా వినపడుతుందేమోనని.

బయట కోడి గీరుతున్న చప్పుడు తప్ప నాకేమీ వినపడలేదు.